కరాటేలో రెండో పిడికిలి నడుము దగ్గరికెందుకు?

గౌడవెల్లి ఊళ్లో మీ స్నేహితులెవరైనా కరాటే నేర్చుకుంటుంటే గమనించండి. ఒక పిడికిలి ముందుకు దూసుకెళ్తుంటే, రెండోది నడుము దగ్గరికొస్తుంది. ఎందుకు?

ఆ రెండో చేత్తో ఎదుటివాడి చేతిని పట్టి గుంజుతున్నట్టు ఊహించుకోండి. అతను ముందుకు తూలతాడు, మన దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఇంతకీ కరాటే పుట్టిల్లు ఒకినావా. ఇప్పుడది జపాన్ దీవి, అప్పట్లో ర్యూక్యూ రాజ్యం. అక్కడి 'తే', అంటే చేయి, చైనా విద్యలతో కలిసి కరాటే అయింది. 1900ల మొదట్లో కరాటే గురువు ఇతోసు అంకో దాన్ని బడిపిల్లలకు చేర్చారు. ఆయన శిష్యుడు ఫునాకోషి 1922లో టోక్యోలో ప్రదర్శించారు. కరాటేకున్న 'చైనా చేయి' అనే పేరు 1930లలో 'ఖాళీ చేయి'గా మారింది.

మరి ఎవరైనా మీ మణికట్టు పట్టుకుంటే కరాటే ఏం చెబుతుంది? ఊరికే పెనుగులాడకండి. ఆ పట్టులో బొటనవేలి వైపే సందుంటుంది. అటు తిప్పి ఒక్కసారి లాగండి. చేయి విడిపడగానే అరుస్తూ పరుగెత్తండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం అదే.