దత్తమండలము రాయలసీమ అయిన వైనము

1800 అక్టోబరులో హైదరాబాదు నిజాము, కుంఫిణీ సైన్యమును తన రాజ్యమున నిలుపుకొనుటకయ్యెడి ఖర్చు క్రింద, తుంగభద్రకు దక్షిణమునగల సీమను కుంఫిణీవారికి వ్రాసి యిచ్చినాడు. 1792, 1799 సంవత్సరములలో టిప్పు సుల్తానునుండి అతనికి దక్కిన భూములే యవి. ఆ పత్రముతో అనంతపురపు రైతు, తానెన్నడు కనివిని యెరుగని లండను వర్తకులకు ప్రజ అయినాడు. అతనిని అడిగినవారు లేరు. నాటినుండి ఆ సీమకు దత్తమండలములని పేరు. దత్తపుత్రునికైనను ఇంట వాటా కలదు; దత్తమండలమునకు అదియు లేదు.

1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండిన థామస్ మన్రో ఎనభైమంది వరకు పాళెగాండ్రను అణచి, రైత్వారీకి పునాది వేసినాడు. జనులు అతనిని మెచ్చి, బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నమాటయు నిజమే. కాని 1877లో, ధాత కరువు నడుమ, కలకత్తానుండి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునన్నాడు. పొదుపు చేయవలెనన్నది పైవారి యాజ్ఞ. ఆకలి ఇచట, లెక్క అచట.

1916లో అనంతపురమున వెలసిన కళాశాలకును దత్తమండల కళాశాల అనియే పేరు. అందు అధ్యాపకులైన చిలుకూరి నారాయణరావు ఉత్తరాంధ్రమున పుట్టినవారు. ఆ 'దత్త' శబ్దము ఆయనకు సహింపలేదు. 1928 నవంబరులో నంద్యాల ఆంధ్ర మహాసభ సందర్భమున, కడప కోటిరెడ్డి అధ్యక్షతను జరిగిన సభలో ఆయన 'రాయలసీమ' అను పేరును సూచించినారు. అనంతపురమున శ్రీ సాధన పత్రికను నడిపిన పప్పూరి రామాచార్యులు తీర్మానమును ప్రవేశపెట్టినారు. (ఈ ఘనత గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిదని చాలకాలము చెప్పుకొన్నారు.) 1565 తరువాత విజయనగర ప్రభువులు ఈ పీఠభూమిలోని పెనుకొండ నుండియే ఏలినారు, కనుక ఆ పేరు పరాయిది కాదు.

ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్ 1957లో స్వతంత్రమై, ప్రాచీన ఘనా సామ్రాజ్యపు పేరు ధరించినది. ఇచట క్రమము తారుమారు: తెల్లదొరలు పోవుటకు పందొమ్మిదేండ్ల ముందే ప్రజలు దొరల పేరును త్రోసివేసినారు. మూడేండ్లకు, 1931లో, అనంతపురము కళాశాలలో చదువుచుండిన నీలం సంజీవరెడ్డి చదువు మాని ఉద్యమమున చేరినారు. 1977లో రాష్ట్రపతి అయినారు.

పేరు మారినంతనే వాన కురియలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ గృహమున, ఆంధ్రరాష్ట్ర సాధనకై కోస్తా, సీమ నాయకులు ఒడంబడిక వ్రాసుకొన్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలములలో సీమకు పదేండ్లు ప్రథమ స్థానమీయవలెనని అందు కోరినారు. ఈ పత్రమున సీమ పేరు రాయలసీమ. వ్రాలు చేసినవారిలో సీమవారును ఉన్నారు.