ఓడలు బండ్లైన కాలమున చిన్న పడవ

“ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును” అని మన పెద్దలు చెప్పుదురు. కలిమిలేములు ఒకచోట నిలువవని ఆ మాటకు అర్థము. ఈ ప్రసంగమున మేము ఆ సామెతను పట్టుకొనియే, చేతిలో పైకము ఆడని దినములలో చిన్న తెరచాప పడవను ఎన్నుకొనుట ఎట్లు, దానిని నిలుపుకొనుట ఎట్లు అను విషయమును ముచ్చటింపదలచితిమి. కరవుకాలమున పడవయేమి, అది ధనవంతుల వేడుక గదాయని శ్రోతలు శంకింపవచ్చును. కాని నేడు పలుదేశములలో సామాన్య కుటుంబములు నడుపుకొను చిన్న పడవలలో పేరుమోసినవి కొన్ని కరవుకాలముననే పుట్టినవి. అవి పుట్టిన తీరును తెలిసికొన్నచో, కొనువారికి కావలసిన బుద్ధి చాలవరకు అందులోనే దొరకును.

1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల బజారు కూలినది. 1933 నాటికి అమెరికా పనివారిలో ఇంచుమించు నాల్గవవంతు మందికి పని లేకపోయెను. బజారు కూలిన మరుసటి యేట, 1930లో, అమెరికా కప్పు అను ప్రసిద్ధ పందెమునకై అక్కడి సంపన్నులు ‘ఎంటర్‌ప్రైజు’ అను మహానౌకను కట్టించిరి. దాని పొడవు 120 అడుగులకు పైగా నుండెను. దానిని నడుపుటకు ఒక చిన్న దండు కావలసివచ్చెడిది. ఆ నౌక పందెము గెలిచినది. గెలిచిన అయిదేండ్లకే, 1935లో, దానిని విరుగగొట్టి తుక్కుచేసిరి.

ఆ దినములలోనే మరియొక పడవ పుట్టినది. ‘రడ్డర్’ అను పడవల పత్రికకు సంపాదకుడైన విలియం క్రాస్బీ 1931లో ఒక చిన్న పడవకు పటము గీసి తన పత్రికలో ప్రకటించెను. దాని పేరు ‘స్నైపు’. పొడవు 15 అడుగుల 6 అంగుళములు. పత్రిక కొన్నవాడెవడైనను ఆ పటమును ముందిడుకొని తన పెరటిలో పడవ చేసికొనవచ్చును. దీనిని తొలుత కట్టినది మిసిసిపీ రాష్ట్రమునకు చెందిన పదునాలుగేండ్ల బాలుడు. తండ్రి అతనికి తోడ్పడెను. క్రాస్బీ మనస్సులో నుండిన ముఖ్యమైన సంగతి యేమనగా, ఈ పడవ మోటారుకారు వెనుక కట్టిన రెండుచక్రముల బండిపై ఎక్కవలెను. బండిపై ఎక్కు పడవకు రేవులో తావు అక్కరలేదు. తావునకు అద్దె అక్కరలేదు. ఆదివారము నీటిలో, సోమవారము పెరటిలో. ఓడలు బండ్లగుట యన్న మాట అక్కడ అక్షరాల నిజమైనది. ఆ మహానౌక తుక్కైనది; స్నైపు పడవలు నేటికిని పలుదేశములలో పందెములాడుచున్నవి.

ఇక బండ్లు ఓడలైన కథ. ఫ్లోరిడాలోని క్లియర్‌వాటరు పట్టణమున ఒక సేవాసంఘమువారు పిల్లలకు చెక్కపెట్టెలతో చేసిన బండ్ల పందెములు నడుపుచుండిరి. వాలుమీదినుండి బండి దొర్లించినచో ఆట ముగిసినట్లే. అట్టి పిల్లలకే పడవపందెము పెట్టినచో ఏటేట ఆడుకొందురు గదాయని ఒక పెద్దకు తోచినది. 1947లో క్లార్కు మిల్సు అను పడవల మేస్త్రీ ఆ పనిని తలకెత్తుకొనెను. 50 డాలర్లు మించరాదు; ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుగల ప్లైవుడ్డు పలకలు రెండింటిలో పడవ ముగియవలెను. ఇది కట్టుబాటు. మిల్సు పడవ ముక్కును కోసుగా చెక్కక మొద్దుగా విడిచిపెట్టెను, పలక కలిసివచ్చినది. పొడవు పలక పొడవును మించలేదు. ఆ సంఘము పేరు మీదుగానే దానికి ‘ఆప్టిమిస్టు’ అని పేరు వచ్చినది. బరువు 35 కిలోగ్రాములు. మన హైదరాబాదు హుస్సేన్‌సాగరములో తెల్లని చిన్న తెరచాపలెత్తి పిల్లలు నడుపు మొద్దుముక్కు పడవలు ఇవియే.

ఇంగ్లండులో రెండవ ప్రపంచయుద్ధము ముగిసినను కొరత ముగియలేదు. ఆహారపు రేషను 1954 వరకు సాగినది. ఆ యేండ్లలో జాక్ హోల్టు అను రూపకర్త వరుసగా చవుక పడవలను తీర్చుచుండెను. విమానముల చెక్కపని కొరకు 1930లలో ఏర్పడిన నీటికి లొంగని జిగురులు, యుద్ధమైన పిమ్మట పడవలు కట్టువారికి అందివచ్చినవి. ఆ జిగురువలన ప్లైవుడ్డు నీటిలో నిలిచినది. పడవ కట్టుట పెద్ద వడ్రంగుల విద్యగా మాత్రమే యుండక ఇంటిపనియైనది. హోల్టు 1956లో ‘న్యూస్ క్రానికల్’ పత్రిక పూనికపై రూపొందించిన 13 అడుగుల 3 అంగుళముల పడవకును, తుక్కైన ఆ మహానౌక పేరే వచ్చినది: ‘ఎంటర్‌ప్రైజు’. దీనికి దండు అక్కరలేదు, ఇద్దరు చాలుదురు. ఆ పత్రిక 1960లో మూతపడినది. దాని పడవలు మాత్రము ఇరువది వేలకు పైగా తయారై నేటికిని సరస్సులలో తిరుగుచున్నవి.

1963లో వచ్చిన ‘మిర్రరు’ పడవ కథ మనవారికి మరింత దగ్గరిది. దీనిని హోల్టుతో కలిసి బారీ బక్నెల్ అను ఆయన రూపొందించెను. టెలివిజనులో ఇంటి మరమ్మతుపనులు నేర్పి ఆయన పేరు గడించినవాడు. పొడవు 10 అడుగుల 10 అంగుళములు. సామానుకట్ట వెల 63 పౌన్ల 11 షిల్లింగులు. కోసి పంపిన ప్లైవుడ్డు పలకల అంచులకు బెజ్జములు వేసి, రాగితీగెతో కుట్టి, కుట్టుపై గాజునార పట్టీ పరచి రెజిను పూయవలెను. అంతే, పడవ సిద్ధము! మేకులతో పనిలేక పలకలను కుట్టు విద్య కోరమండల తీరమునకు క్రొత్త గాదు. కొబ్బరిపీచు త్రాటితో పలకలు కుట్టిన మసూలా పడవలు తరతరములుగా ఈ తీరమున అలలపై తిరిగినవి. గట్టి మేకుకట్టు అలతాకిడికి పగులును. కుట్టు ఒదిగి నిలుచును. ఇంగ్లండువారు మననుండి నేర్చినారని మేము చెప్పుట లేదు. చేతిలో ధనము తక్కువైనపుడు బుద్ధి ఎచ్చటనైనను ఒక త్రోవకే వచ్చునని మాత్రమే మా మనవి.

ఈ పడవలన్నింటను ఒక పోలిక కలదు. వీని కొలత సముద్రమునుబట్టి ఏర్పడలేదు, ఇంటినిబట్టి ఏర్పడినది. పెరడు ఎంత, బండి ఎంత, పలక ఎంత, ఎత్తువారు ఎందరు అని అడిగి, పిమ్మట పడవను గీసిరి. కొనువాడును ఈ ప్రశ్నలనే ముందు వేసికొనవలెను.

పడవ వెల వేరు, పడవను ఉంచుకొను వెల వేరు. ఒకప్పుడు మన యిండ్లలో రేడియో కొన్నవారికి ఇది తెలిసిన సంగతియే. పెట్టె వెల ఒకసారి, లైసెన్సు రుసుము ఏటేట. పడవకు రంగు, త్రాళ్లు, తెరచాప, నిలుపు తావు అనునవి ఏటేటి ఖర్చులు. ఇందొక లెక్క కలదు. ఒకే ఆకారముగల రెండు పడవలలో ఒకదాని పొడవు రెండింతలైనచో, రంగు పూయవలసిన వైశాల్యము రెండింతలు గాదు, నాలుగింతలగును. అన్ని కొలతలును అట్లే పెరిగినచో బరువు ఎనిమిదింతలగును. 10 అడుగుల పడవ 50 కిలోలు తూగినచో ఇద్దరెత్తి ఒడ్డున పెట్టుదురు. 20 అడుగులది 400 కిలోలు తూగును. దానిని కదల్చుటకు ఒక యంత్రము కావలెను, ఆ యంత్రమునకు కూలి కావలెను. కావున పడవను చూచి “ఇంకొక రెండడుగులున్న బాగుండును” అని మనస్సు అన్నపుడు, ఆ రెండడుగుల పోషణ ఎవరిదని వెంటనే అడుగవలెను.

అందుచేత తొలి పడవకు 10 మొదలు 14 అడుగుల పొడవు చాలును. ఇద్దరెత్తగలుగుట మేలు. తెరచాపలు ఒకటియో రెండో ఉండవలెను. అన్నింటికంటె ముఖ్యము, వేలకొలది తయారైన జాతి పడవను ఎన్నుకొనుట. దానికి చుక్కాని విరిగినచో మరియొకటి దొరకును; పాత తెరచాప చవుకగా దొరకును; మనకు కష్టము వచ్చినపుడు కొనువాడును దొరకును. ఎవరో ఒంటరిగా కట్టుకొన్న వింతపడవ ఎంత అందమైనదైనను అమ్మబోవునపుడు ఆదరణ ఉండదు.

కరవుకాలమున పాత పడవలు చవుకగను, ఒక్కొక్కప్పుడు ఉచితముగను వచ్చును. ఏనుగును ఊరక ఇచ్చినను మేత ఊరక రాదు. పుచ్చిన పడవ మరమ్మతు ఖర్చు మంచి పడవ వెలను మించగలదు. కావున కొనుటకు ముందు గంటసేపు నేలపై కూర్చుండి పరీక్షింపుడు. కొయ్యపడవయైనచో మొనగల చిన్న కత్తితో అడుగుదూలము అతుకులను, స్తంభము కాలు నిలుచు చోటును, వెనుకపలక మూలలను మెల్లగా గుచ్చుడు. గట్టి కొయ్య కత్తిని నిలుపును. పుచ్చుకొయ్య వెన్నవలె దిగనిచ్చును. పడవను పుచ్చజేయునది సముద్రము కంటె వాననీరే. ఉప్పు శిలీంధ్రమును కొంత అడ్డును. మూలలలో నిలిచిన వాననీరు దానిని పెంచును. గాజునార పడవయైనచో కాలితో అదిమి చూడుడు. మెత్తగా లోపలికి పోయినచో లోపల చెడినదన్నమాట. గాలి అరలలో నీరు చేరినదేమో కదల్చి వినుడు. తెరచాపలో గుడ్డ కంటె ముందు ఎండకు చచ్చునది కుట్టుదారము; దానిని గోటితో గీరి చూడుడు. స్తంభమును నిలుపు ఉక్కుత్రాళ్ల చివరలలో ఒక పోగు తెగియున్నను ఆ త్రాటిని మార్పవలసినదే.

కొన్న పిమ్మటి పోషణ కష్టము గాదు. కడుగుట, ఆరబెట్టుట, కప్పుట అను మూడు పనులు చాలును. మన తీరపు పల్లెకారులు వేటనుండి వచ్చి తెప్పను ఒడ్డుకు లాగి, కట్లు విప్పి, దుంగలను ఎండకు ఆరవేయుచుండెడివారు. తడిసిన కొయ్య బరువు, ఆరిన కొయ్య తేలిక. వారి శాస్త్రమంతయు ఇంతలో నున్నది. చిన్న పడవను బోర్లించి, నేలకు జానెడు ఎత్తున దిమ్మలపై నుంచి, గాలి ఆడునట్లు కప్పుడు. గాలి చొరకుండ బిగించిన టార్పాలిను పడవకు రక్షణ గాదు, ఆవిరిగది.

ఖర్చు ఇంకను భారమైనచో రెండు కుటుంబములు కలిసి కొనవచ్చును. స్నేహము చెడకుండుటకు మూడు మాటలు కాగితముమీద వ్రాసికొనవలెను: ఏ ఆదివారము ఎవరిది, విరిగినచో ఎవరు పెట్టుకొందురు, ఒకరు విరమించినచో వాటా వెల ఎట్లు తీర్తురు. మాటమీద నడచిన పొత్తులు మొదటి చిల్లుతోనే తగవునబడును.

రెండు హెచ్చరికలు చేసి ముగింతుము. లైఫ్ జాకెట్టు కడ పొదుపు పనికిరాదు. పడవలో ఎక్కువారెందరో అన్ని జాకెట్టులును, వారివారి కొలతకు తగినవి, ఉండవలెను. పాత తెరచాపతో నెమ్మదిగా పోవచ్చును. జాకెట్టు లేనివానికి ఆ నెమ్మది దొరకదు. రెండవది, అప్పుచేసి పప్పుకూడు తినరాదన్నట్లే అప్పుచేసి పడవ కొనరాదు. పిల్లల చదువునకో, ఇంటి అద్దెకో ఉంచిన సొమ్ము పడవకు తగలరాదు. అట్టి యేట పడవ కొనకుండుటయే మంచి పడవనడుపరి లక్షణము. అతడు ఒడ్డునకు పోయి, పడవగలవాని కడ రెండవ మనిషిగా కూర్చుండి, త్రాడు పట్టుట నేర్చుకొనును. ఇద్దరు నడుపు పడవలకు రెండవ మనిషి కొరత ఎప్పుడును ఉన్నదే. డబ్బు వచ్చునాటికి విద్య వచ్చియుండును.

కాలము మారును. నేడు బండిపై ఎక్కిన ఓడ రేపు నీటిపై తేలును. అంతవరకు దానిని పొడిగా ఉంచుట, పుచ్చనీయకుండుట, ఎత్తగలిగినంత చిన్నదిగా ఎన్నుకొనుట మాత్రము మన చేతిలోని పనులు.