అమ్మ ఫోనూ – ఆకాశం లెక్కలూ

“ఏంరా, మాట్లాడతా మాట్లాడతానే పెట్టేస్తివి?” అని మా అమ్మ నిష్ఠూరం. నేను పెట్టెయ్యలేదు. ఆ మాట రుజువు చెయ్యడానికి నాకు ఒక వేసవి అంతా పట్టింది.

2021లో మేము ఒటావా వదిలి, పడమరగా రెన్‌ఫ్రూ దాటాక వచ్చే ఒక పల్లెకి మకాం మార్చాం. చెట్లు బోలెడు, కేబుల్ గానీ ఫైబర్ గానీ మా రోడ్డు దాకా రాలేదు. ఇంటర్నెట్‌కి మాకు ఉపగ్రహమే దిక్కు. వేసవిలో శనివారం రాత్రి మాకు తొమ్మిదైతే కర్నూలులో ఆదివారం ఉదయం ఆరున్నర. అమ్మ కాఫీ గ్లాసుతో ఫోను ముందు కూర్చుంటుంది. మాట మధ్యలో ఆమె బొమ్మ బిగుసుకుపోతుంది. ఒక్కోసారి కాలే తెగిపోతుంది.

స్పీడ్ టెస్టు చేస్తే సెకనుకి 90 మెగాబిట్లు! కెనడా టెలికాం నియంత్రణ సంస్థ సి.ఆర్.టి.సి. 2016 డిసెంబరులో ఇంటర్నెట్‌ని ప్రాథమిక సేవగా ప్రకటించి పెట్టిన లక్ష్యం దిగుమతికి 50, ఎగుమతికి 10. ఆ లెక్కన నాకు ఏ లోటూ లేదు. మరి ఈ తెగడమేమిటి?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనిషి కోపం వచ్చినప్పుడే కొలుస్తాడు. తీరా కొలిచేసరికి లైను బాగుపడి ఉంటుంది. కోపతాపాలు లేని యంత్రానికి ఈ పని అప్పగించడం మేలనిపించింది. రాస్ప్‌బెర్రీ పై అని అరచేతిలో ఇమిడే కంప్యూటరు ఒకటి కొన్నాను. లైనక్స్‌లో ‘క్రాన్’ అనే గుమాస్తా ఉంటాడు. చెప్పిన వేళకి చెప్పిన పని చేసి పెడతాడు. గంటకోసారి స్పీడ్ టెస్టు చేసి, ఫలితం ఫైల్లో రాయమన్నాను.

చెప్పడం తేలికే. మొదటి నెలలో నేను చేసిన తప్పులు వింటే మీకు శ్రమ తగ్గుతుంది.

ఒకటి, వైఫై మీద కొలిచాను. అలా చేస్తే ఇంటి గోడల్ని కొలిచినట్టే, ఆకాశాన్ని కాదు. రౌటరుకి నేరుగా తీగ కలపాలి. రెండు, అయిదు నిమిషాలకోసారి పెట్టాను. సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున పదిహేను సెకన్లు లాగితే, ఒక్కో పరీక్షకి సుమారు 190 మెగాబైట్లు ఖర్చు. పైగా పరీక్ష నడిచేటప్పుడు కాల్ ఇంకా చెడుతుంది! గంటకోసారి చాలు, అదీ సరిగ్గా గంట కొట్టగానే కాదు, ఆ వేళకి లోకంలోని క్రాన్లన్నీ లేస్తాయి. మూడు, స్థానిక సమయం రాశాను. నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పే రాత్రి ఒక గంట రెండుసార్లు వస్తుంది, యు.టి.సి.లో రాస్తే ఆ బాధ లేదు.

నాలుగోది అసలైన తప్పు. పరీక్ష విఫలమైతే నా ప్రోగ్రాము ఏమీ రాయకుండా ఊరుకునేది. అంటే లైను పూర్తిగా చచ్చిన క్షణాలే పట్టికలో లేవు! బడికి రాని పిల్లల్ని వదిలేసి హాజరు లెక్క వేసినట్టు. “ఫలించలేదు” అన్నది కూడా ఒక ఫలితమే. రాయాలి.

దీనికి తోడు సెకనుకొక ‘పింగ్’ పెట్టాను. చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూడటమే పింగ్. రోజంతా పలకరించినా వెళ్ళేవి అయిదారు మెగాబైట్లు, వచ్చేవి అంతే.

ఏప్రిల్లో మొదలుపెట్టాను. రాత్రి తొమ్మిదింటికి వేగం 120 నుంచి 55కి పడుతున్న మాట నిజం. కానీ వీడియో కాల్‌కి రెండు మూడు మెగాబిట్లు చాలు. దోషం అది కాదు. పింగ్ పట్టిక వేరే కథ చెప్పింది. రెండు నుంచి ఎనిమిది సెకన్ల మౌనాలు. ఏప్రిల్లో రోజుకి పదికి మించలేదు. మే నడిమి నుంచి సుమారు 140. అరగంట మాటల్లో మూడు. మొత్తం కలిపినా రోజులో నూటికి ఒకటో వంతు కాదు కాబట్టి గంటకోసారి చేసే టెస్టుకి చిక్కలేదు. చిక్కినా సగటులో కలిసిపోతుంది.

మేలో ఏం మారింది? కిటికీలోంచి చూస్తే తెలిసింది: మేపుల్ చెట్టు ఆకులు తొడిగింది.

పాత టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అవి భూమితో పాటే తిరుగుతాయి గనుక మనకి ఒకే చోట నిలిచినట్టు కనిపిస్తాయి. డిష్షు దక్షిణానికి తిప్పి బిగిస్తే చాలు. కానీ పలకరింపు పైకీ కిందికీ వెళ్ళి, జవాబు కూడా అలాగే రావడానికి అర సెకను పడుతుంది. కొత్తవి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తునే ఉంటాయి. జవాబు చప్పున వస్తుంది. అయితే అవి ఆకాశంలో పరుగెడుతుంటాయి. డిష్షు ఒకదాన్ని విడిచి మరొకదాన్ని పట్టుకుంటూ ఉండాలి. నా డిష్షు చూపు ఉత్తరానికి, మేపుల్ ఉన్నదీ అటే. ఉపగ్రహం ఆ కొమ్మల వెనక్కి వెళ్ళిన కొన్ని సెకన్లే మౌనం. నీటితో నిండిన ఆకు సంకేతాన్ని మింగేస్తుంది.

జులైలో డిష్షుని వాకిట్లోంచి ఇంటి కప్పు మీదికి ఎక్కించాను. ముందు రెండు వారాలు, తరువాత రెండు వారాలు పోల్చాను. మౌనాలు రోజుకి తొమ్మిది. కంపెనీని తిడుతూ రాసిపెట్టుకున్న ఉత్తరం చించేశాను.

అమ్మకి ఉపగ్రహాలు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాల పల్లెలకి టీవీ చూపించారు. అందులో మన రాష్ట్రమూ ఉంది. పక్క ఊళ్ళో కోళ్ళగూటి వల లాంటి గొడుగు కింద జనమంతా కూర్చుని చూశారట.

మొత్తం విన్నాక, “అయితే నువ్వు పెట్టెయ్యలేదన్నమాట” అంది. 

“లేదమ్మా, చెట్టు పెట్టేసింది.”

కాసేపు ఊరుకుంది. లైను పోయిందేమోనని పట్టిక వైపు చూశాను. బాగానే ఉంది.

“చెట్టు కొట్టేయలేదు కదరా?” అంది.

“లేదమ్మా, డిష్షునే పైకి ఎక్కించినా.”