ఎఫ్.ఎం. రేడియో నేటికిని వలయునా?

నేడు పాటలను, వార్తలను, ప్రసంగములను ఇంటర్నెట్టు ద్వారమున కోరిన క్షణముననే వినుట సాధ్యమైనది. ఈ పద్ధతికి స్ట్రీమింగు అని పేరు. ఇట్టి కాలమున, ముల్లు త్రిప్పి స్టేషనును వెదకుకొను ఎఫ్.ఎం. ట్యూనరుతో పని యేమి యని పలువు రడుగుచున్నారు. ప్రశ్న సహజమైనదే. సమాధానమునకు ముందు ఈ రెండు పద్ధతులును పనిచేయు తీరును తెలిసికొనవలయును.

తొలినాటి రేడియోలో శబ్దము ననుసరించి తరంగము యొక్క ఎత్తు మారుచుండెడిది. మెఱుపులును, విద్యుద్యంత్రములును గూడ ఆ ఎత్తునే కలతపెట్టును గావున పాటతోపాటు గరగర తప్పెడిది కాదు. అమెరికా దేశస్థుడగు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఎత్తును స్థిరముగా నుంచి, క్షణమునకు తరంగములెన్ని యను లెక్కను మాత్రము మార్చు పద్ధతిని రూపొందించి 1933లో పేటెంట్లు పొందెను. 1935లో న్యూయార్కున ఇంజనీర్ల సభయెదుట దానిని వినిపించినప్పుడు, గ్లాసులోనికి నీరు పోయు సవ్వడియు, కాగితము చింపు సవ్వడియు స్పష్టముగా వినవచ్చెను. ఇదియే ఎఫ్.ఎం. మన దేశమున ఇట్టి ప్రసారము 1977లో మద్రాసున ఆరంభమైనది.

మన ఎఫ్.ఎం. స్టేషన్లు 87.5 నుండి 108 మెగాహెర్ట్జుల మధ్య నుండును. ఏరియలుపై అన్ని స్టేషన్ల తరంగములును ఒకేసారి పడును. సాధారణమైన ట్యూనరు తనలో పుట్టించిన వేఱొక తరంగమును వానితో కలిపి, కోరిన స్టేషనును 10.7 మెగాహెర్ట్జులకు దించి, తక్కినవానిని వడకట్టును. పిమ్మట ఎత్తులోని కలతను కత్తిరించి, మిగిలిన మార్పును శబ్దముగా చేయును. ఇంత పనికిని రెండు చిన్న బ్యాటరీలు చాలును.

ఇక భేదమును చూతము. రేడియో ప్రసారము దండోరా వంటిది. స్ట్రీమింగు ఇంటింటికిని వేఱువేఱుగా ఉత్తరము పంపుట వంటిది. దండోరా వేయువానికి వినువారు పదుగురైనను, పదివేలమందియైనను శ్రమ యొక్కటియే. ఉత్తరములు పంపువానికో, ప్రతి యింటికిని ఒక ఉత్తరము వ్రాయవలయును. దానిని మోయుటకు దారియు వలయును. వినువారు పెరిగినకొలది స్ట్రీమింగునకు యంత్రములును, తీగలును, ఖర్చును పెరుగును. అదిగాక ఉత్తరము పంపువానికి మన చిరునామా తెలియును. దండోరా వినువా డెవరో ఎవరికిని తెలియదు.

అట్లని స్ట్రీమింగు గొప్పతనమును తక్కువ చేయరాదు. ఎఫ్.ఎం. తరంగములు ఇంచుమించు తిన్నగా పోవును గావున కొండ అడ్డువచ్చినను, దూరము మించినను క్షీణించిపోవును. విజయవాడ ఎఫ్.ఎం. స్టేషను చికాగోలోని తెలుగువాని ట్యూనరునకు అందదు. ఇంటర్నెట్టునో, ఆకాశవాణి నిట్టే వినగలడు. దాటిపోయిన కార్యక్రమమును మఱల వినుటకును అదియే మేలు. నిత్యవినోదము నందు ట్యూనరు వెనుకబడినమాట నిజము.

అయితే అన్ని దినములును నిత్యదినములు కావు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుచ్ఛక్తియు, టెలిఫోన్లును విస్తారముగా స్తంభించినవి. 2017లో మరియా తుఫాను పోర్టోరికో ద్వీపమును ముంచినప్పుడు సెల్ టవర్లలో పదింట తొమ్మిదికి మించి పనిచేయకపోయినవి. రేడియో స్టేషను మాత్రము కూలదా యన్నచో, అదియు కూలవచ్చును. కాని ఒక్క ప్రసారయంత్రమును నిలబెట్టిన ఊరంతయు వినును. 2011లో జపానున భూకంపమును, సునామీయు సంభవించిన పిదప, దెబ్బతిన్న పట్టణములలో తాత్కాలిక ఎఫ్.ఎం. స్టేషన్లను నెలకొల్పి సమాచారము నందించిరి. సెల్ ఫోన్లలో ఎఫ్.ఎం. సౌకర్యమును ఉంచవలసినదిగా 2023లో భారత ప్రభుత్వము సూచించుటకును ఇట్టి ఆపత్సమయములే యొక కారణము.

నార్వే దేశము 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్.ఎం. ప్రసారమును మానినది గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని దాని స్థానమున వచ్చినది డిజిటల్ రేడియో. అదియును దండోరా జాతిలోనిదే. స్థానిక స్టేషన్లు పెక్కు అక్కడ ఎఫ్.ఎం.లోనే నిలిచినవి. కావున వారు పరికరమును మార్చిరే గాని అందఱకును ఒకేసారి చెప్పు ధర్మమును విడువలేదు.

ఇందు గ్రహింపవలసిన దొకటి కలదు. ట్యూనరు విలువ ట్యూనరులో లేదు. అది పట్టు స్టేషనులో నున్నది. జహీరాబాదు ప్రాంతమున మాచునూరు గ్రామమందు 2008లో పల్లె స్త్రీలు సంగం రేడియోను ఆరంభించి, తమ పంటలను గూర్చియు, విత్తనములను గూర్చియు తమ పలుకుబడిలోనే ముచ్చటించిరి. అట్టి స్టేషనున్న చోట ట్యూనరు పాతవస్తువు కాదు. అన్ని యూళ్లకును ఒకే పాటను దూరమునుండి పంపు స్టేషనైనచో, ఆ పని స్ట్రీమింగే బాగుగా చేయును. ట్యూనరును మూల పెట్టినను నష్టము లేదు.

కావున స్ట్రీమింగును వలదనక, ఇంట నొక చిన్న ఎఫ్.ఎం. రేడియోను, దానికి బ్యాటరీలను సిద్ధముగా నుంచుకొనుట వివేకము. సమీప స్టేషను ఏ సంఖ్యవద్ద పలుకునో తుఫానునకు ముందే ఎఱిగియుండవలయును. ఆ స్టేషనున మన యూరి మాట వినబడునట్లు కోరుటయు మన బాధ్యతయే.