ఒక్క వైన్ సీసా రూ.4 కోట్లు.. ఆ పాత ద్రాక్ష తీగలే ఇప్పుడు లేవు!

2018 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన సోథెబీస్ వేలంలో ఓ రెడ్ వైన్ సీసా 5.58 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో రూ.4 కోట్లకు పైనే! 1945 నాటి ‘రోమనీ కాంటీ’ అది. ఇంతకీ దానికంత గిరాకీ ఎందుకు?

ఫ్రాన్స్‌లోని బర్గండీలో ఉన్న ఈ తోట నాలుగున్నర ఎకరాలే. 1869లో కొన్న కుటుంబం వారసులదే. 1942లో లెరోయ్ కుటుంబం సగం వాటా తీసుకుంది.

19వ శతాబ్దంలో ఫైలాక్సెరా అనే పురుగు వేర్లను పీల్చేస్తుంటే ఫ్రాన్స్ రైతులు అమెరికా మొక్కల వేర్లపై అంటు కట్టుకున్నారు. ఈ తోటలో మాత్రం అలా చేయలేదు. మట్టిలోకి మందు ఎక్కిస్తూ పాత తీగలనే కాపాడుకొచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి మందు కరువైంది, కూలీలూ కరువయ్యారు. తీగలు నీరసించాయి. 1945లో వచ్చింది దాదాపు 600 సీసాలే. ఆ కోత కాగానే తీగలన్నీ పీకేశారు. 1947లో అంటు మొక్కలు నాటితే, మళ్లీ ఈ పేరుతో వైన్ వచ్చింది 1952 పంటతోనే. అంటే 1945 సీసా పాత తీగల ఆఖరి కాపు అన్నమాట.

ఇంకో సంగతి.. పాత వైన్‌లో నకిలీల బెడద బాగా ఎక్కువ. ఈ సీసా బర్గండీ వైన్ వ్యాపారి రాబర్ట్ డ్రూయిన్ సొంత సెల్లార్ నుంచే నేరుగా వేలానికి వచ్చింది. అందుకే కొనేవాళ్లు వెనకాడలేదు.