అలలు తొలవని గుహలకు పడవ దారి

సముద్రపు ఒడ్డున నిటారుగా లేచిన కొండల అడుగున, అలల తాకిడికి రాయి తొలుచుకుపోగా ఏర్పడే గుహలను సముద్ర గుహలంటారు. స్కాట్లండ్‌కు పడమర స్టాఫా దీవిలో ఉన్న ఫింగల్ గుహ, పోర్చుగల్ దక్షిణ తీరంలోని బెనగిల్ గుహ, ఇటలీలో కాప్రీ దీవి అంచున నీలి వెలుగుతో నిండి ఉండే గుహ ఈ కోవకు చెందినవే. వీటిని చూడటానికి వెళ్లేవారిలో చాలామందికి పడవే ఆధారం కావడంతో, స్పీడ్‌బోటులో తీరం వెంట సాగుతూ ఒక్కొక్క గుహ ముందు ఆగి చూసి రావడం ఆ ప్రాంతాల్లో పెద్ద విహారయాత్రగా స్థిరపడింది. సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం తీరాలకు సెలవురోజున పిల్లలతో వెళ్లే గుంటూరు, ప్రకాశం ప్రాంతాలవారికి మాత్రం ఇటువంటి దృశ్యం సొంత సముద్రం మీద కనిపించదు. దీనికి కారణాన్ని సముద్రంలో కన్నా కృష్ణానదిలో వెతకడం సబబు, ఎందుకంటే ఈ తీరానికి గుహలు లేకుండా చేసినదీ, దానికి బదులుగా పడవ మీద వెళ్లి చూడదగిన గుహలకు ఎగువన దారి కల్పించినదీ ఆ నదే.

సముద్ర గుహ పుట్టాలంటే మొదట గట్టి రాయి నేరుగా నీటి అంచున నిలబడి ఉండాలి, ఆ రాతిలో ఎక్కడో ఒక పగులో, మెత్తని పొరో ఉండాలి. అల వచ్చి ఆ పగులును కొట్టినప్పుడు లోపల చిక్కుకున్న గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి, అల వెనక్కి తగ్గగానే అంతే వేగంగా వ్యాకోచిస్తుంది; ఈ ఒత్తిడి వేల ఏళ్లపాటు రోజుకు వేలసార్లు పడుతూ ఉంటే పగులు వెడల్పవుతుంది. అలలు మోసుకొచ్చే ఇసుక, గులకరాళ్లు లోపలి గోడలను ఆకురాయి పట్టినట్టు అరగదీస్తాయి. రాతి సందుల్లో ఇంకిన ఉప్పునీరు ఆరినప్పుడు ఏర్పడే ఉప్పు స్ఫటికాలు కూడా రాయిని లోపలినుంచి బలహీనపరుస్తాయి. గుహ కొండను చీల్చుకుని అవతలివైపు బయటపడితే అది రాతి తోరణమవుతుంది, తోరణం నడుమ కూలితే నీటిలో ఒంటి స్తంభం మిగులుతుంది. విశాఖపట్నం నుంచి భీమిలికి వెళ్లే దారిలో మంగమారిపేట వద్ద సముద్రపుటొడ్డున ఉన్న సహజ శిలాతోరణం ఈ మార్పుల్లో ఒక దశను ఆంధ్ర తీరంలోనే చూపే ఉదాహరణ. డాల్ఫిన్ నోస్, యారాడ వైపు తూర్పు కనుమల రాయి సముద్రం దాకా దిగి రావడమే ఆ తీరానికి ఈ అవకాశమిచ్చింది.

గుంటూరు, ప్రకాశం తీరాల్లో ఆ రాయి లేదు. కొండవీడు కొండలు గానీ, నల్ల గ్రానైటుకు పేరుపడ్డ చీమకుర్తి కొండలు గానీ సముద్రానికి దూరంగా, మెట్ట భూముల నడుమ ఆగిపోయాయి. పడమటి కనుమల్లో మహాబలేశ్వరం వద్ద పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి వచ్చే కృష్ణ, దారిపొడవునా కోసుకొచ్చిన మట్టిని, ఇసుకను ఇక్కడ సముద్రానికి అప్పగిస్తూ తీరాన్ని తానే కట్టింది. నిజాంపట్నం వైపు మడ అడవులు వేళ్లూనింది ఈ ఒండ్రులోనే, సూర్యలంకలో కాలికి తగిలే మెత్తని ఇసుక కూడా చాలావరకు ఇటువంటి నదుల సరుకే. ఒండ్రునూ ఇసుకనూ అల కోయగలదు, మళ్లీ పేర్చగలదు, కానీ వాటిలో గుహ నిలవదు, ఎందుకంటే కప్పును మోయగల బలం ఆ మట్టికి లేదు.

గుంటూరువారికి గుహ అనగానే తాడేపల్లి పక్కనున్న ఉండవల్లి గుర్తుకు రావడం సహజమే. అయితే నాలుగు అంతస్తులుగా కనిపించే ఆ గుహాలయం మనిషి ఉలితో కొండను తొలిచి చేసినది. ప్రకృతి తనంతట తాను చేసిన గుహను, అదీ పడవలో వెళ్లి చూడాలనుకునేవారు కృష్ణను వెనక్కి వెతుక్కుంటూ నల్లమల అడవుల్లోకి, శ్రీశైలం జలాశయం మీదికి వెళ్లాలి. అక్కడ పాతాళగంగ రేవునుంచి మరపడవలో నదికి ఎగువగా సాగితే, ఎడమ ఒడ్డున, అంటే నేటి తెలంగాణ వైపు అడవిలో, అక్కమహాదేవి గుహలు ఉన్నాయి. తెలంగాణ వైపు నుంచి వచ్చేవారికి ఈగలపెంట రేవు దగ్గర. పడవ వేగాన్ని బట్టి ప్రయాణం గంట అటూఇటూగా పడుతుంది.

ఈ నీటిదారి వయసు చాలా తక్కువ. శ్రీశైలం ఆనకట్టకు 1963లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1980ల మొదట్లో జలాశయం నిండింది. అంతకుముందు కృష్ణ ఇక్కడ ఇరుకైన, లోతైన లోయలో అడుగున పారేది. పాతాళగంగ అన్న పేరుకు తగినట్టే యాత్రికులు వందల మెట్లు దిగి స్నానం చేసి, మళ్లీ అంత ఎత్తూ ఎక్కి మల్లన్న దర్శనానికి వెళ్లేవారు. అద్దంకి రాజధానిగా 14వ శతాబ్దంలో రెడ్డి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడన్నది ఈ ప్రాంతపు చరిత్రలో గర్వంగా చెప్పుకునే మాట. ఆనకట్ట వెనుక నీరు లేచాక లోయ అడుగు భాగం మునిగింది. ఆ మెట్లలో కింది వరుసలు నీటి కిందికి పోగా, ఎక్కడో ఎత్తున, అడవిబాట పట్టి కాలినడకన మాత్రమే చేరగలిగిన గుహల దాపుకు పడవ వెళ్లే వీలు కలిగింది. ఈ సౌకర్యాన్ని ఊరికే వచ్చినదిగా చూడటం అన్యాయం. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద గ్రామాల ప్రజలు ఈ నీటి కోసం ఇళ్లూ పొలాలూ వదులుకున్నారు, వారిలో ఎందరో తగిన పరిహారం అందక ఏళ్ల తరబడి తిరిగారు. జలాశయం మీద విహరించేవారికి పడవ ఎక్కే ముందే ఈ సంగతి చెప్పే ఒక ఫలకం రేవులో ఉండటం ఎంతైనా అవసరం.

నిండు జలాశయంలో శ్రీశైలం నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగుల ఎత్తున ఉంటుంది. దిగువన నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. సాగర్ నిండినప్పుడు దాని నీరు శ్రీశైలం ఆనకట్ట పాదం వరకు విస్తరిస్తుంది కాబట్టి, ఈ రెండు జలాశయాలను 295 అడుగుల తేడా ఉన్న రెండు పెద్ద మెట్లుగా ఊహించుకోవచ్చు. పై మెట్టునుంచి దిగిన నీరు విద్యుత్తు పుట్టించి సాగర్‌కు చేరి, అక్కడ కుడివైపు నుంచి జవహర్ కాలువగా బయలుదేరి గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో దాదాపు 11 లక్షల ఎకరాల ఆయకట్టుకు అందుతుంది. పల్నాడులో మిర్చి నారు నాటే వేళకు ఏ నీటి కోసం రైతు ఆకాశం వైపు, పత్రికల్లో వచ్చే జలాశయ మట్టాల వైపు చూస్తాడో, గుహలకు పడవ తేలేది ఆ నీటి మీదనే. అందుకే జలాశయ మట్టం యాత్రను కూడా శాసిస్తుంది. వానకాలపు వరదతో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జలాశయం నిండితే పడవ గుహలకు బాగా దగ్గరగా వెళ్తుంది. ఎండాకాలానికి మట్టం పడిపోతే ఒడ్డు కిందికి దిగి, పడవ దిగినచోటు నుంచి రాళ్లమీదుగా ఎక్కవలసిన ఎత్తు పెరుగుతుంది, కొన్నిసార్లు పడవలే తిరగవు.

దారిలో రెండు పక్కలా కనిపించే కొండచరియలను నిదానంగా చూడటం మంచిది. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే ప్రాచీన నిక్షేపాల్లో ఇవి భాగం. వంద కోట్ల ఏళ్లకు పూర్వమే నీటి అడుగున పేరుకున్న ఇసుక, గట్టిపడి క్వార్ట్‌జైట్ అనే అతి దృఢమైన రాయిగా మారింది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలనే బస్తాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, ఈ రాతి పొరలు చరియ పొడవునా అడ్డంగా, దాదాపు సమానమైన మందంతో కనిపిస్తాయి. పొరకూ పొరకూ మధ్య సందులు, పొరలను నిలువుగా కోసే పగుళ్లు వాననీటికి దారులు. నీరు ఇంకి, పొరల మధ్య మెత్తటి భాగం రాలిపోయి, ఆధారం తప్పిన బండలు ఊడిపడగా లోపల ఖాళీ ఏర్పడుతుంది. బెలుం, బొర్రా గుహల సంగతి వేరు. అవి సున్నపురాతిలో ఏర్పడినవి; కొద్దిపాటి ఆమ్లగుణమున్న నీటిలో సున్నపురాయి కరుగుతుంది కనుక అక్కడ మైళ్ల కొద్దీ సొరంగాలు, వేలాడే రాతి ఊడలు సాధ్యమయ్యాయి. క్వార్ట్‌జైట్ అలా కరగదు, విరుగుతుంది. అందుకే నల్లమల గుహల్లో వంపు తిరిగిన నునుపు గోడల కన్నా పలకలుగా విరిగిన కప్పులు, కోసుగా ఉండే అంచులు ఎక్కువ. అలల పనితనం ఇక్కడ లేకపోయినా, పగులే గుహకు తొలి ద్వారమన్న సూత్రం మాత్రం సముద్రతీరంలోనూ ఈ అడవిలోనూ ఒక్కటే.

గుహల ముందుభాగంలో ఏ స్తంభమూ లేకుండా నిలిచిన పెద్ద రాతి తోరణం, దాని కింద విశాలమైన నీడ ఉన్నాయి. అసలు గుహ దాని వెనుక మొదలవుతుంది. లోపలికి పోయే సందు క్రమంగా సన్నబడి, ఒకరి వెనుక ఒకరుగా మాత్రమే నడవగలిగినంత, తర్వాత పక్కకు తిరిగి, తల వంచి, కొన్నిచోట్ల దాదాపు పాకుతూ పోవలసినంత ఇరుకవుతుంది. బయటి వెలుగు అక్కడికి చేరదు. టార్చిలైటు పట్టుకున్న మనిషి ముందు నడుస్తుంటే గోడ ఎక్కడ ఉందో చేతితో తడుముకుంటూ వెనకవారు సాగాలి. ఆ దారి చివర చిన్న శివలింగం ఉంది. ఉక్కపోత, చీకటి, గబ్బిలాల వాసన కలిసి కొందరికి భయం కలిగిస్తాయి కాబట్టి ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు, ఇరుకు చోట్లంటే బెదిరేవారు తోరణం దగ్గరే ఆగిపోవడంలో లోటేమీ లేదు.

గుహకు పేరిచ్చిన అక్కమహాదేవి 12వ శతాబ్దపు కన్నడ వీరశైవ కవయిత్రి. నేటి శివమొగ్గ జిల్లాలోని ఉడుతడిలో పుట్టి, శివుణ్ని తప్ప మరొకరిని భర్తగా అంగీకరించక, కౌశికుడనే పాలకుని ఇంటిని విడిచి, జుట్టునే వస్త్రంగా చేసుకుని కల్యాణ పట్టణంలోని బసవేశ్వరుని, అల్లమప్రభువుని చేరిందని వీరశైవ సంప్రదాయం చెబుతుంది. ఆమె వచనాలన్నీ చెన్నమల్లికార్జునుడన్న సంబోధనతో ముద్రపడి ఉంటాయి. ఆ మల్లికార్జునుని వెతుక్కుంటూ చివరికి శ్రీశైలం చేరి, కదళీవనంలో శివైక్యం పొందిందని విశ్వాసం. ఈ గుహలో ఆమె తపస్సు చేసిందన్నది కూడా భక్తుల నమ్మకమే, శాసనాధారంతో తేల్చిన విషయం కాదు. అయినా ఎనిమిది వందల ఏళ్ల నాడు ఒంటరి స్త్రీ ఒకతె రాజ్యాలు దాటి ఈ అడవికి నడిచి రాగలిగిందన్న మాట ముందు, గంటలో చేరే మరపడవ ప్రయాణం ఎంత సుఖమైనదో తెలుస్తుంది. ఆ కాలపు మరో శైవాచార్యుడు మల్లికార్జున పండితారాధ్యుని కథ బాపట్ల దగ్గరి చందవోలు మీదుగా శ్రీశైలం వైపు సాగుతుంది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్రకు ఒక ప్రకరణమే ఉంది.

పడవల విషయానికి వస్తే, లాంచీ అని ఈ ప్రాంతంవారు పిలిచే పెద్ద పడవ తన బరువుకు సరిపడా నీటిని పక్కకు నెట్టుకుంటూ మెల్లగా సాగుతుంది. స్పీడ్‌బోటు అడుగు చదునుగా ఉండి, వేగం పెరిగేకొద్దీ ముందుభాగం పైకి లేచి, పడవ నీటిని చీల్చడం మాని నీటి మీద జారడం మొదలుపెడుతుంది. నీటి నిరోధం తగ్గడం వల్లనే దానికి అంత వేగం. అదే వేగంలో పదునుగా మలుపు తిప్పినా, అందరూ ఒకే పక్కకు చేరినా బోల్తాపడే అవకాశం ఎక్కువ. లోతైన లోయలో గాలి ఒక్కసారిగా మళ్లినప్పుడు జలాశయం మీద కూడా గట్టి అలలు లేస్తాయి, ఇది తెలిసిన సరంగు ఒడ్డుకు దూరంగా పోడు. కృష్ణలో మొసళ్లున్నాయి, చుట్టూ ఉన్నది పులుల అభయారణ్యం. చెంచుల ఆవాసాలూ ఈ అడవిలోనే ఉన్నాయి కాబట్టి మోతతో దూసుకుపోయే పడవకన్నా నింపాదిగా సాగే లాంచీయే ఈ నీటికి తగినది.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ పడవ మునిగింది. ఈ రెండు దుర్ఘటనల తర్వాత ఒంగోలు, గుంటూరువారిలో ఎవరూ పడవ ప్రయాణాన్ని తేలికగా తీసుకోకూడదు. పర్యాటక సంస్థ అనుమతి ఉన్న పడవేనా అని అడగడం, పడవ మీద రాసి ఉన్న సామర్థ్యంతో ఎక్కినవారి సంఖ్యను సరిచూడటం, లైఫ్ జాకెట్టును చేతిలో పట్టుకోకుండా పట్టీలన్నీ బిగించి తొడుక్కోవడం, పిల్లలకు పిల్లల కొలత జాకెట్టు అడిగి తీసుకోవడం ప్రయాణికుని హక్కులే. వీటిలో ఏది కుదరదన్నా ఆ పడవ ఎక్కకపోవడమే సరైన నిర్ణయం.

గుంటూరు నుంచి బయలుదేరేవారు నరసరావుపేట, వినుకొండ మీదుగా, శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న త్రిపురాంతకం పక్కగా దోర్నాలకు చేరి, అక్కడినుంచి ఘాట్ రోడ్డు ఎక్కుతారు. దోర్నాల దాటాక అడవిలో రాత్రివేళ వాహనాలను అనుమతించరు కనుక చీకటిపడేలోపే శ్రీశైలం చేరుకోవాలి. గుహలకు పడవలు ఉదయంపూటే బయలుదేరడం, తగినంతమంది ప్రయాణికులు చేరితేనే కదలడం మామూలు. కాబట్టి ముందురోజు రాత్రి కొండ మీద బస చేసి, తెల్లవారగానే రోప్‌వేలో గానీ మెట్లమీదుగా గానీ పాతాళగంగకు దిగి, ఆనాటి నీటిమట్టం ఎంతో, పడవ ఎంతదూరం వెళ్తుందో రేవులోనే కనుక్కుని టిక్కెట్టు తీసుకోవడం మేలు.