మేడ మీద ఎండ ఎవరిది?

‘ఫ్లాట్లలో ఉండేవాళ్లు సోలార్ ప్యానెళ్లు ఎలా ఎంచుకోవాలి? గురువారం సాయంత్రానికి ఇచ్చేయండి’ అన్నారు ఎడిటర్‌గారు, సోమవారం పొద్దున. నాకు చప్పున గుర్తొచ్చింది గుమ్మడి వడియాలు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ తూర్పు మూల చీర పరిచే హక్కు ఎవరిదన్న గొడవ ఆరేళ్లుగా తేలలేదు. అలాంటి చోట ప్యానెళ్లా?

మర్నాడు మా వాచ్‌మన్ నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతికిచ్చాడు. “సోలారోళ్లు ఇచ్చిపోయిన్రు మేడమ్, అందరికీ సూపియ్యమన్నరు.” ముందువైపు పచ్చిక, నవ్వుతున్న కుటుంబం. వెనక్కి తిప్పితే అంకెల పట్టిక. డేటా షీట్ అంటారు. వారమంతా నేను తిరిగింది దాని చుట్టూనే.

మొదటి నిలువు వరసలో 550 వాట్లని ఉంది. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, సెల్ వేడి 25 డిగ్రీలు ఉంటే వచ్చే లెక్క అది. అంత ఎండలో అంత చల్లగా ఉండే ప్యానెల్‌ను మన ఊళ్లో నేనైతే చూడలేదు. పక్క వరసలో అదే ప్యానెల్ 410 వాట్ల దగ్గరికి దిగుతుంది: 800 వాట్ల వెలుతురు, 20 డిగ్రీల గాలి. పెళ్లిచూపుల ఫొటోకీ నిద్రలేచిన మొహానికీ ఉండే తేడా. కొనేవాళ్లు చూడాల్సింది రెండో మొహం.

కింద చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంది, టెంపరేచర్ కోఎఫిషియెంట్. సెల్ వేడి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడు ఎంత శాతం కరెంటు తగ్గుతుందో చెబుతుంది. మోనో పెర్క్ రకానికి దాదాపు 0.35, కొత్తగా వచ్చిన టాప్‌కాన్‌కు 0.30. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు కాగిందనుకోండి. పెర్క్‌కు 77 వాట్లు పోతే టాప్‌కాన్‌కు 66 పోతాయి. తేడా 11 వాట్లు. ‘టాప్‌కాన్ కాకపోతే దండగ మేడమ్’ అని ఫోన్‌లో ఊదరగొట్టిన కుర్రాడి ధీమా అంతా ఈ 11 వాట్ల మీదేనా? పూర్తిగా కాదులెండి. టాప్‌కాన్ వయసు మీద పడటం కాస్త నెమ్మది. పాతికేళ్లకు అది మొదటి శక్తిలో 89 శాతం దాకా నిలుస్తుందనీ, పెర్క్ 84 దగ్గర ఆగుతుందనీ కంపెనీల వారంటీ కాగితాలే చెబుతాయి. ధరలో తేడా చిన్నదైతే టాప్‌కానే తీసుకోండి, పెద్దదైతే వదిలేయండి.

ఎందుకంటే అసలు దొంగ మన నీళ్ల ట్యాంకు. ప్యానెల్‌లో సెల్లు దండలో పూలలా వరసగా కట్టి ఉంటాయి. ఒక మూల నీడ పడితే, నీడ పడిన వరసను తప్పించి కరెంటును పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్లు ఉన్నా, మూడోవంతు దాకా కరెంటు పోవచ్చు. టాప్‌కాన్ మిగిల్చిన 11 వాట్లు అక్కడే హరీ. నీడ లెక్కకు ధనుర్మాసమే సరైన కాలం. సూర్యుడు దక్షిణాన దిగి ఉంటాడు. ప్యానెళ్ల కంటే 2 మీటర్లు ఎత్తున్న ట్యాంకు పొద్దున తొమ్మిదింటికి 3 మీటర్లకు పైగా నీడ చాస్తుంది. ముగ్గుపిండితో ఆ నీడకు గీత గీసి ఫొటో తీసుకోండి. మళ్లీ మధ్యాహ్నం, మళ్లీ మూడింటికి. ఆ గీతల బయట మిగిలిందే మీ సోలార్ జాగా. ఈ పని చేయకుండా కొటేషన్ ఇచ్చేవాణ్ని నేను నమ్మను.

ఎడిటర్‌గారు చరిత్ర కూడా కావాలన్నారు కాబట్టి ఒక్క గుక్కలో: 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ సిలికాన్ సెల్ చూపించింది, సామర్థ్యం 6 శాతం, 1958లో వాన్‌గార్డ్ ఉపగ్రహం దాన్ని ఆకాశానికి తీసుకెళ్లింది, మన జాతీయ సోలార్ మిషన్ 2010లో వచ్చింది, ఇళ్ల కప్పుల కోసం పీఎం సూర్యఘర్ 2024లో. ఇప్పుడు మార్కెట్లో 20 శాతం దాటిన ప్యానెళ్లు మామూలే.

మా టెర్రస్ మీద గీతల బయట 10 ప్యానెళ్లకు చోటు తేలింది. 5.5 కిలోవాట్లు. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున 22 యూనిట్లు. ఒక్కో ఫ్లాట్‌కు పంచితే చిల్లర. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు నడిచే కామన్ మీటరుకు కలిపితే మెయింటెనెన్స్‌లో కనబడే డబ్బు. కార్యదర్శిగారికి ఇదే చెప్పాను. ఆయన తలూపారు. మూడో అంతస్తు పిన్నిగారు మాత్రం నన్ను మెట్ల దగ్గర ఆపి, “స్టాండు ఎత్తుగా వేస్తే కింద వడియాలు పెట్టుకోవచ్చా అమ్మా?” అనడిగారు.

కింద నీడ కదా పిన్నిగారూ!

బాక్స్: సబ్సిడీ మెలిక
సూర్యఘర్‌లో విడి ఇంటికి 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, మొత్తం గరిష్ఠంగా 78,000 రూపాయలు. అసోసియేషన్ కామన్ అవసరాలకు కిలోవాట్‌కు 18,000. సెల్, ప్యానెల్ రెండూ దేశంలో తయారైనవే అయ్యుండాలి. కొటేషన్‌లో ఆ షరతును తెలిపే ‘డీసీఆర్’ అన్న మూడక్షరాలు లేకపోతే సంతకం పెట్టొద్దు.

బాక్స్: బాల్కనీ గ్రిల్‌కు కట్టేస్తే?
జర్మనీలో 800 వాట్ల ఇన్వర్టర్‌తో ప్లగ్గులో గుచ్చే బాల్కనీ ప్యానెళ్లు వాడుకలో ఉన్నాయి. అక్కడ సూర్యుడు కిందుగా ఉంటాడు, నిలువు ప్యానెల్‌కు ఎదురుపడతాడు. మన వేసవి మధ్యాహ్నం నడినెత్తిన ఉంటాడు. గ్రిల్‌కు కట్టిన ప్యానెల్‌కు వచ్చేది పక్కచూపే.